ఎత్తిన చెయ్యి

పున్నయ్యకు మెల్లగా మాట్లాడటం చేతకాదు. ఇన్నేళ్లూ పిడుగురాళ్ల సున్నపురాయి క్వారీలో తూటాలు పేల్చిన మనిషికి మెల్లగా మాట్లాడటం ఎవరు నేర్పుతారు? ఆ పేలుళ్లే అతని చెవుల్ని తినేశాయి. గట్టిగా అరిస్తే కొంత వినపడుతుంది, లేదంటే పెదాలు చూసి పోల్చుకుంటాడు. తనకు వినపడనిది ఎదుటివాళ్లకూ వినపడదేమోనని, ఉప్పు కావాలన్నా ఊరంతటికీ చాటినట్టే అడుగుతాడు.

చిన్నప్పుడొకసారి పులిని చూశానని చెప్పాడు. మాచర్ల అవతల అమ్మమ్మగారి ఊళ్లో మేకలు తోలుకుని అడవి అంచుకు పోయినప్పటి మాట అది. ఒక్కరూ నమ్మలేదు. నక్కను చూసి జడుసుకుని వచ్చాడన్నారు. అప్పటి నుంచి అతను వాడకట్టులో ‘పులి పున్నయ్య’ అయిపోయాడు. నవ్విన వాళ్లలో చెల్లెలు కోటేశ్వరి కూడా ఉంది. అందరూ నవ్వుతుంటే తనూ నవ్వింది, అంతే. కానీ పెద్దయ్యాక ఆ నవ్వు ఆమెను లోపల పొడుస్తూనే ఉంది.

కోటేశ్వరి ఇప్పుడు నరసరావుపేటలో ఒక ప్రైవేటు కాలేజీ ఆఫీసులో పనిచేస్తుంది. కాలేజీ స్టాఫు నల్లమలలో సఫారీకని వ్యాను మాట్లాడుకుని, ఇంటి నుంచి ఒకరిని తెచ్చుకోవచ్చన్నారు. ఆమె మొగుణ్ని పక్కనబెట్టి అన్నను తీసుకుపోయింది. ఈసారి పులి కనబడితే పక్కన తానుంటుంది, ఊరందరికీ సాక్ష్యం చెబుతుంది. ఆమె కోరికల్లా అదే. పున్నయ్య ఆ ప్రయాణం కోసం కొత్త తువ్వాలు కొనుక్కున్నాడు.

దోర్నాల దాటాక అందరూ జీపులెక్కారు. అడవిలో మాట్లాడకూడదని, జంతువు కనబడితే వేలితో చూపించాలని గైడు ముందే చెప్పాడు. కోటేశ్వరి అన్న చెవికి నోరానించి అదంతా అప్పజెప్పింది. పున్నయ్య బుద్ధిగా తలూపాడు.

తలూపడం వేరు, నోరు కట్టేసుకోవడం వేరు. మొదటి మలుపులోనే దుప్పుల మంద కనబడింది.

“కోటీ, దుప్పులే. చానా ఉండయ్యి చూడు” అని క్వారీ గొంతుతో అరిచాడు. మంద చెదిరి పొదల్లో పడింది. ముందు సీట్లో కెమెరా పట్టుకున్న వైస్ ప్రిన్సిపాల్ ధనుంజయరావు వెనక్కి తిరిగి చూశాడు. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. కోటేశ్వరికి తల కొట్టేసినట్టయింది.

నెమలిని చూసి ఇంకోసారి అరిచాడు. గైడు జీపు ఆపించి, “ఇట్లయితే వెనక్కి పోదాం సార్” అన్నాడు. కోటేశ్వరి అన్న తొడ గట్టిగా గిల్లి, ముఖంలో ముఖం పెట్టి పెదాలతోనే అంది.

“నోరు మూసుకో అన్నా. అందరూ చూస్తన్నారు.”

పున్నయ్యకు అర్థమైంది. బుద్ధెరిగిన తర్వాత చెల్లెలు అతన్ని అంత మాట అనలేదు. తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని బయటికి చూస్తూ కూర్చున్నాడు.

చాలాసేపటికి, ఒక వాగు దాటుతుండగా అతను ఉన్నట్టుండి బిగుసుకుపోయాడు. నోరు తెరవలేదు. అరచెయ్యి చాపి నిటారుగా పైకెత్తాడు. మళ్లీ ఏం కేక పెడతాడోనని కోటేశ్వరి భయపడింది. ధనుంజయరావు ఇటు తిరిగేలోపే ఆ చెయ్యి లాగి ఒళ్లో పెట్టి, తన రెండు చేతులతో అదిమి పట్టుకుంది. పున్నయ్య ఆమె వైపు ఒక్క చూపు చూసి, మళ్లీ అడవి వైపు తిరిగాడు. జీపు సాగిపోయింది.

తిరిగొచ్చేటప్పుడు అదే వాగు దగ్గర గైడు దిగి నేల మీదికి వంగాడు.

“పులి అడుగులు సార్. మన టైరు జాడ మీదే పడ్డయ్యి. మనం పొయ్యేటప్పుడు ఇక్కడే ఎక్కడో పడుకోనుంటది.”

జీపంతా నెత్తి కొట్టుకుంది. కోటేశ్వరికి మాత్రం ఆ ఎత్తిన చెయ్యి గుర్తొచ్చింది. చిన్నప్పుడు క్వారీకి అన్నం క్యారేజీ తీసుకుపోతే, దూరం నుంచి అన్న అట్లాగే చెయ్యెత్తేవాడు. తూటా పెట్టాం, ఎక్కడివాళ్లు అక్కడే ఆగండి అని దానర్థం. ఆ చెయ్యి కనబడితే ముళ్ల మీదున్నా అడుగు కదిపేది కాదు. క్వారీ కూడు తిని పెరిగిన తనే, నలుగురిలో పరువు పోతుందని ఆ చేతినే లాగేసింది.

“చూశావా అన్నా?” అని పెదాలతో అడిగింది.

పున్నయ్య ఎప్పుడూ లేనిది గొణిగాడు. “వాగవతల పొదలో పడుకోనుంది. చెయ్యెత్తా గదా.”

“మా అన్నయ్య చూశాడు సార్” అంది ఆమె పైకి.

ధనుంజయరావు నవ్వాడు. “దుప్పిని చూసే అంత అరిచిన మనిషి, పులిని చూసి ఊరుకుంటాడా అమ్మా?”

జీపులో అందరూ నవ్వారు. పున్నయ్యకు ఆ నవ్వు వినపడలేదు గానీ కనపడింది. అది అతను ఎరిగిన నవ్వే.

తిరుగుదారిలో వ్యానులో పాటలు పెట్టారు. పున్నయ్య కిటికీ పక్కన, నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకునే కూర్చున్నాడు. ఇంకొకప్పుడైతే దారిలో కనబడ్డ ప్రతి బోర్డూ పైకి చదివేవాడు. వినుకొండ కొండ వచ్చింది, పోయింది. ఒక్క మాట లేదు. కోటేశ్వరి ఇక పట్టలేకపోయింది. అతని చెవికి నోరానించి కాదు, వ్యానంతా వినపడేలా గొంతు చించుకుని అరిచింది.

“నువ్వు పులిని చూశావన్నా. అప్పుడూ చూశావు, ఇయ్యాళా చూశావు. నేనే చెయ్యి లాగేశా.”

పాట ఆగిపోయింది. వ్యాను మొత్తం వెనక్కి తిరిగింది. పున్నయ్య కంగారుగా అందరి ముఖాలూ చూసి, చెల్లెలి చేతి మీద చెయ్యేశాడు.

“మెల్లగా కోటీ” అన్నాడు తువ్వాలు చాటున. “అందరూ చూస్తన్నారు.”