ఎర్ర పెన్సిలు గీత

“ఈ లింకు తెరుసుకోట్లేదక్కా,” అంటూ ఒక పిల్ల నా కంప్యూటరు పక్కన కరపత్రం పెట్టింది. నాలుగింటికి పది నిమిషాలు తక్కువ. నా చేతిలో పెళ్లికార్డు పని. సరిగ్గా ఇలాంటప్పుడే వస్తారు జనం.

చూస్తే అది నేను కొట్టిన కరపత్రమే. విజయనగరంలో పదమూడేళ్లుగా డీటీపీ చేస్తున్నాను, నా పేజీ నాకు తెలియదా! మా బాప్టిస్టు చర్చి పెద్ద జ్ఞానానందం గారు పది రోజుల కిందట రాసి తెచ్చారు. ఏదో ట్రస్టు ఇంటరు పాసైన పేద ఆడపిల్లలకి ఉచితంగా నర్సింగు సీట్లు ఇస్తుందట. దరఖాస్తు నెట్లోనే చెయ్యాలి. గడువు ఆ పిల్ల వచ్చిన రోజు సాయంత్రం ఐదింటి వరకే.

పిల్ల పేరు రాణి. పూసపాటిరేగ అవతల సముద్రం ఒడ్డు పల్లె. వాళ్లమ్మ లక్ష్మణమ్మ చేపల గంప మోస్తుంది.

“నాలుగు రోజుల్నుంచి నెట్ సెంటరుకి తిరుగుతన్నానక్కా. నీకు కొట్టడం రాదు పొమ్మంటన్నాడు ఆడు. ఇంటరు సదివి ఒక కాయితం సూసి కొట్టలేవా అని మాయమ్మ నాలుగు తగిలించింది.”

“మరి చూసి కొట్టాలి కదే! ఒక్క చుక్క తప్పినా తెరుచుకోదు,” అని కసిరి, నేనే కొట్టాను. పేజీ లేదని వచ్చింది. మళ్లీ కొట్టాను. లేదు. మూడోసారీ లేదు.

ఒళ్లు మండిపోయింది. జ్ఞానానందం గారికి ఫోను కలిపాను. ఆయన సాలూరులో కూతురింట్లో ఉన్నారు.

“ఏటి సార్, తప్పు లింకు రాసిచ్చి ఊరంతా పంచీసినారా?”

“నాను సూసే రాసానమ్మా రూబీ. నా కాయితం ఓపాలి తీసి సూడు.”

“అక్షరం అక్షరం సరిచూసుకున్నాను సార్. మళ్లీ చూసేదేటి?”

అసలీ లింకులంటేనే నాకు చిరాకు. మా తెలుగు ఫాంటులో ఆ దిక్కుమాలిన గుర్తులు కొడితే గుర్తులు రావు, ఒత్తులూ కొమ్ములూ ఊడిపడతాయి. లింకు వరకూ ఇంగ్లీషు ఫాంటులోకి మార్చి, మళ్లీ వెనక్కి రావాలి. అంత అవస్థపడి కొట్టినదాన్ని తప్పంటే ఎవరికైనా మండదా? ముందు మూడు డబ్ల్యూలు పెట్టి చూశాను. పెద్దక్షరాలతో చూశాను. ఆయనకి మళ్లీ ఫోను చేసి మళ్లీ దెబ్బలాడాను. రాణి స్టూలు మీద కూర్చుని గోడ గడియారం వైపే చూస్తోంది.

“ఐదు దాటితే తీసుకోరా అక్కా?”

నాలుగుంపావు దాటాక లేచాను. రాతప్రతులు గుచ్చే మేకు నుంచి ఆయన కాగితం లాగాను. బైబిల్లో నచ్చిన వాక్యాలకి గీసుకున్నట్టే, జ్ఞానానందం గారు ముఖ్యమనుకున్న ప్రతిదాని కిందా స్కేలు పెట్టి ఎర్ర పెన్సిలుతో గీస్తారు. చర్చి నోటీసుల నిండా అవే. ఆ గీతల్ని పట్టించుకోవడం నేను ఎప్పుడో మానేశాను. లింకు కిందా ఒక పొడుగు ఎర్ర గీత ఉంది. కాగితాన్ని ట్యూబులైటుకి అడ్డంగా పట్టుకున్నాను.

ఎర్ర గీత వెనక, మాటకీ మాటకీ మధ్య అడుగున, నీలం సిరాతో రెండు చిన్న గీతలున్నాయి. అవి లింకులో భాగం. ఎర్రదనంలో కలిసిపోయి నాకక్కడ ఖాళీలే కనబడ్డాయి. లింకులో ఖాళీలు ఉండవులే, పెద్దాయన చెయ్యి జరిగిందని నేనే మాటలన్నీ కలిపేశాను. పైగా పెద్ద సరిచేసినట్టు! మూడొందల కరపత్రాలు అలాగే అచ్చయ్యాయి.

రెండు గీతలూ పెట్టి కొట్టాను. పేజీ వెంటనే తెరుచుకుంది.

“వచ్చీసిందక్కా!” రాణి స్టూలు మీంచి ఎగిరి లేచింది. మార్కుల జాబితా, టెన్త్ సర్టిఫికెట్, ఫొటో అన్నీ కవర్లోంచి తీసింది. స్కాన్ చేసేసరికి నాలుగూ నలభై. ఫొటో సైజు ఎక్కువైందని ఆ పేజీ తోసేసింది, తగ్గించాను. నా పాడు నెట్టు అప్పుడే నీరసించింది. తెర మీద చక్రం తిరుగుతూనే ఉంది. నాలుగూ యాభై ఎనిమిదికి ఆఖరి బటను నొక్కాను. చక్రం మళ్లీ మొదలైంది. రాణి కళ్లు మూసుకుని ఏదో గొణుక్కుంటోంది.

గడువు ముగిసింది అని వచ్చింది. ఐదూ ఒకటి.

మళ్లీ నొక్కాను. మళ్లీ అదే. ఫోనులో దెబ్బలాడకుండా ఆ కాగితం మొదటే తీసి ఉంటే అరగంట మిగిలేది. చెంపలు వాయించుకోవాలనిపించింది.

రాణి ఏడవలేదు. కాగితాలు ఒక్కొక్కటే కవర్లో పెట్టుకుంది.

“అంటే నాను సరిగ్గానే కొట్టానా అక్కా?”

“సరిగ్గానే కొట్టావమ్మా. తప్పు నాది.”

“ఆ మాట మాయమ్మకి సెప్పవా?” అని ఫోను కలిపి నా చేతికిచ్చింది.

అవతల చేపల బజారు గోల. జరిగింది చెప్పాను. నీ కూతురి తప్పేమీ లేదు, అచ్చు తప్పు నాదే, పిల్లని ఏమీ అనకమ్మా అన్నాను. నా జన్మలో పనిచ్చే ఏ పార్టీకీ అంత వినయంగా చెప్పలేదు.

లక్ష్మణమ్మ అంతా వింది. “సరే తల్లీ, తప్పు ఎవులిదైతే ఏటిలే,” అంది. “పిల్లకి సీటు వస్తాదా?”

రాణి నా మొహంలోకే చూస్తోంది.

“రాదమ్మా,” అన్నాను.