బొమ్మ చీర

వేంపల్లెలో అలివేలును ఎవరూ అలివేలు అని పిలవరు. బొమ్మక్క అంటారు. ఆ పేరు పెట్టిన మహాతల్లి ఆమె తోడికోడలు హిమబిందు. పెట్టింది 2006లో, కడపలో తన కొత్తింటి గృహప్రవేశం నాడు.

బట్టల దుకాణం వాళ్ళ ఆడవాళ్ళకు బీరువా నిండా కొత్త చీరలుంటాయని లోకం అనుకుంటుంది. లోకానికేం, ఏమైనా అనుకుంటుంది. అలివేలు మొగుడు వాసుదేవ్ దుకాణం పడమటి ముఖం. ముందు నిలబెట్టిన ప్లాస్టిక్ బొమ్మకు ఏ చీర కట్టినా, మధ్యాహ్నపు ఎండకు ఎడమ భుజం మీదా కుచ్చిళ్ళ మీదా వెలిసిపోతుంది. వెలిసినదాన్ని ఎవరూ కొనరు కనుక అది ఇంట్లోకి వస్తుంది. పెళ్ళయిన పద్దెనిమిదేళ్ళుగా అలివేలు శుభకార్యాలన్నీ బొమ్మ విడిచిన చీరల్లోనే గడిచాయి. వెలిసిన భాగం లోపలికి పోయేట్టు తిరగేసి కట్టడంలో ఆమెను మించినవాళ్ళు లేరు.

ఆ రోజు హిమబిందు, కుచ్చిళ్ళు సర్దుతానన్న వంకతో ఆ మడతను బయటికి లాగింది. "ఏందక్కా, బొమ్మ మీది చీర బొమ్మకే బాగుండె. దాని ఒంటి మీద నుంచి ఎందుకు విప్పుకొస్తివి?" అంది పదిమందిలో. వడ్డన ఆగిపోయేంతగా నవ్వారు. వాసుదేవ్ కూడా నవ్వాడు. ఆ నవ్వును అలివేలు మర్చిపోలేదు, మర్చిపోవాలని అనుకోనూ లేదు.

కూతురి చదువుకని కొన్న కంప్యూటరు ఒకటి ఇంట్లో ఉండేది. పిల్ల కాలేజీకి పోయాక, కరెంటున్న మధ్యాహ్నాల్లో అలివేలు దాని ముందు కూర్చునేది. ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు పడుతుందని కూతురే నేర్పింది. 'కుచ్చిళ్ళు' అని ఒక బ్లాగు మొదలుపెట్టింది, తన పేరు మాత్రం రాయలేదు. సీమంతానికి ఏ రంగు, పలకరింపుకు పోతే ఏ అంచు, నీళ్ళ ట్యాంకరు వెంట పరుగెత్తేటప్పుడు కొంగు ఎట్లా దోపుకోవాలి, మధ్యమధ్య మొగుడి గురక గురించి నాలుగు ముక్కలు. జనం చదివారు. కామెంట్లు పెట్టేవాళ్ళలో ఒకామె పేరు 'కడప హిమ'.

ఈవిడ ఆవిడేనా అన్న అనుమానం ఒక ఫోనుతో తీరిపోయింది. "అక్కా, కుచ్చిళ్ళు అని ఒగ బ్లాగుండాది. శానా బాగా రాస్తాది ఆయమ్మ. నువ్వు సదవాల. నలుగుర్లోకి ఎట్లా కట్టుకోని పోవాల్నో తెలుస్తాది" అంది హిమబిందు.

"అట్లే సదువుతాలేమ్మా" అని ఫోను పెట్టేసి, అలివేలు ఆ పూట కడుపునిండా అన్నం తిన్నది.

తొందరపడలేదు. ఏడాది పాటు మంచి సలహాలే ఇచ్చింది. కడప హిమ అన్నిటికీ తల ఊపింది. అత్తగారి అక్క కృష్ణవేణమ్మ మనవరాలి పెళ్ళి మే నెలలో వేంపల్లెలోనే అని తేలాక, అలివేలు 'వెన్నెల పట్టు' అని ఒక పోస్టు రాసింది. తళతళలాడే చీరల కాలం పోయిందనీ, పట్నాల్లో ఇప్పుడు ఒక పక్క వెన్నెల పడ్డట్టు రంగు తేలిన పట్టుకే విలువనీ, ఆకుపచ్చ అయితే మరీ మంచిదనీ రాసింది. అంతా పచ్చి అబద్ధం. రాస్తున్నంతసేపూ ఆమెకు ఎంతో హాయిగా ఉంది.

వారం తిరక్కుండా హిమబిందు దుకాణం మెట్లెక్కింది. ఆ పూట అలివేలు కూడా అక్కడే ఉంది. వాసుదేవ్ పరిచిన చీరలన్నీ పక్కకు తోసి, వాకిట్లో బొమ్మను చూపించింది. దసరా నుంచి దాని ఒంటి మీదున్న ఆకుపచ్చ పట్టు, ఎడమ భుజం దగ్గర నిమ్మపండు రంగుకు తిరిగి ఉంది.

"అది ఇప్పించక్కా."

"అది ఎండకు ఎలిసిపోయిందమ్మా, నీకెందుకు?" అంది అలివేలు. రేపు ఎవరూ తనను అనకుండా ఈ ముక్క చెప్పాలని ముందే అనుకుంది.

"నీకు తెల్దులే అక్కా. నాడు నువ్వు కట్టుకున్యది ఎలిసిన చీర. ఇది వెన్నెల పట్టు."

అలివేలు బొమ్మ భుజం మీది పిన్ను తన చేత్తోనే తీసింది.

పెళ్ళినాడు ఆమె కాపురానికి వచ్చాక మొదటిసారి, మొగుణ్ణి అడక్కుండా, మడత విప్పని కనకాంబరం రంగు పట్టుచీర తీసి కట్టుకుంది. కల్యాణ మండపంలో ముందు వరసలో కూర్చుని ఎదురుచూసింది. హిమబిందు వచ్చింది, మెడ నిండా నగలు, భుజం మీద వెన్నెల. ఏడు నెలలుగా బస్టాండుకు పోతూ వస్తూ ఆ చీరను చూడని మనిషి వేంపల్లెలో లేడు.

కృష్ణవేణమ్మకు మెల్లగా మాట్లాడటం రాదు. కళ్ళజోడు సవరించుకుని, "ఏమ్మే హిమా, అది మన దుకాణం బొమ్మ చీర గదా! దాన్ని గుడ్డల్లేకుండా నిలబెట్టి వస్తివా?" అంది.

మొదట ఆ వరస నవ్వింది. తర్వాత వెనక వరసలు. ప్రొద్దుటూరు నుంచి వచ్చిన మగపెళ్ళివారికి ఎవరో విడమరిచి చెబితే వాళ్ళూ నవ్వారు. "ఇది ఫ్యాషను పెద్దత్తా, వెన్నెల..." అంటూ హిమబిందు ఆగిపోయింది. ముఖం కందగడ్డయింది. అలివేలు గుండెల్లో చల్లగా మజ్జిగ పోసినట్టుంది. నవ్వండి, ఇంకా గట్టిగా నవ్వండి అనుకుంది. ఇక ఈ ఊళ్ళో బొమ్మంటే అది, నేను కాదు.

"పోనీలే, పెద్దబొమ్మకు చిన్నబొమ్మ తోడొచ్చె!" అంది కృష్ణవేణమ్మ కళ్ళు తుడుచుకుంటూ. "ఇద్దుర్నీ ఒగచోట నిలబెట్టి ఫోటో తీపీండి!"

మళ్ళీ నవ్వులు, ఈసారి ఇద్దరినీ చూసి. అంతవరకూ ఊరివాళ్ళనూ చుట్టాలనూ దాటని పేరు ప్రొద్దుటూరు వాళ్ళ నోళ్ళలో పడింది. అలివేలు లేవలేదు. ఎవరో చెయ్యి పట్టి లేపి తీసుకుపోయి హిమబిందు పక్కన నిలబెట్టారు. కనకాంబరం రంగు పట్టును ఎవరూ చూడను కూడా లేదు.

"యాడుండాదో ఆ బ్లాగు రాసే పాడుది, నమ్మి కట్టుకుంటినక్కా" అంది హిమబిందు చెవిలో, కళ్ళనీళ్ళతో. "దాని చేతులు పడిపోను."

రాసింది నేనే అన్న మాటను అలివేలు ఏడాదిగా దాచుకుంది. ఎట్లా అనాలో, ఎంత మెల్లగా అనాలో అద్దం ముందు అని చూసుకుంది కూడా. ఇప్పుడు అంటే, పెద్దబొమ్మ చిన్నబొమ్మకు చీర కట్టిందని ఇంకో నాలుగేళ్ళు చెప్పుకుంటారు. అలివేలు కొంగు సర్దుకుని కెమెరా వైపు తిరిగింది.

ఫోటోగ్రాఫరు ప్రొద్దుటూరు మనిషి. అలివేలు అతణ్ణి ఎన్నడూ చూసి ఎరగదు.

"పెద్దబొమ్మక్కా, కొంచెం నవ్వండి" అన్నాడు.

హిమబిందు కళ్ళు తుడుచుకుని, ముందుగా తనే పకపకా నవ్వింది.