కట్లర్ డొంక అడుగున గేటు

"టీ వద్దక్కా! ఆగితే కాళ్లు పట్టేస్తాయి!"

రూఫస్ సైకిల్ దిగలేదు. బల్ల మీది పళ్లెంలోంచి ఓట్స్ ముక్కొకటి లాక్కుని నోట్లో కుక్కుకున్నాడు. చర్చి పక్కనుంచి అడవిబాటలోకి మళ్లాడు. వెనక చక్రం కింద కంకర చిమ్మింది. మరుక్షణం చెట్ల మధ్య మాయమయ్యాడు.

"మీ తమ్ముడికి మర్యాద నేర్పలేదా ఇమొజెన్?" అంది వినిఫ్రెడ్, కప్పులు పేరుస్తూ. ఆవిడ రిటైరైన నర్సు.

"నేర్పాను. మా అమ్మ చెడగొట్టింది."

నవ్వింది కానీ, ఇమొజెన్ కళ్లు ఆ మలుపు దగ్గరే ఉన్నాయి. ఎనిమిది నెలల తర్వాత రూఫస్ సైకిలెక్కడం ఇదే మొదటిసారి. ఫిబ్రవరిలో పడి ఎడమ భుజం ఎముక మూడు ముక్కలు చేసుకున్నాడు. ఇప్పుడక్కడ లోహపు పట్టీ, ఏడు మరలు ఉన్నాయి. మళ్లీ అదే భుజం మీద పడితే చెయ్యి పైకి లేవదని డాక్టర్ తేల్చి చెప్పాడు. రూఫస్ వడ్రంగి. చెయ్యి లేవని వడ్రంగికి ఈ కొండల్లో పని ఎవరిస్తారు?

అందుకే అతని భార్య లోర్నా నిన్న ఫోన్ చేసింది. "వదినా, ఆయన నేను చెబితే వినరు. దారి గీసేది నువ్వు. ప్రమాదం ఉంటే ఇప్పుడే చెప్పు, తాళం వేసి ఇంట్లో కూర్చోబెడతాను."

"భయం లేదు లోర్నా. అంగుళం అంగుళం చూసొచ్చాను," అని చెప్పింది ఇమొజెన్.

అబద్ధం కాదు. సైకిల్ క్లబ్బు వాళ్ల శరత్కాలపు సవారీకి పదకొండేళ్లుగా దారి గీస్తున్నది ఆవిడే. అడవిశాఖ కంకరబాటలు, గుర్రపుబాటలు, పొలాల అంచులు కలిపి ఒక గీత చేస్తుంది. అందరికీ పంపుతుంది. వాళ్లు దాన్ని హ్యాండిల్ మీది చిన్న తెరలోకి ఎక్కించుకుంటారు. ఇక ఆ గీత ఎటు తిప్పితే అటు తిరగడమే. ప్రమాదమున్న చోట గీత మీద ఒక హెచ్చరిక పెడుతుంది. అక్కడికి రాగానే తెర కూత పెడుతుంది. ఈ రోజు ముప్ఫై ఒక్కమంది ఆ గీతను నమ్ముకుని కొండల్లో ఉన్నారు. అందరికంటే ముందు రూఫస్ ఉన్నాడు. మిగిలినవాళ్లు ఇంకా టీ దగ్గరికే రాలేదు.

పొలాల్లో తిరిగే నాలుగు చక్రాల పాత క్వాడ్ బండి ఒకటి గుడగుడలాడుతూ వచ్చి ఆగింది. వెనక కుక్క. ముందు గెథిన్ ప్రాసర్, డెబ్బై దాటిన రైతు. చేతులకు, చొక్కాకు, చెవి తమ్మెకు కూడా నీలం రంగు అంటుకుని ఉంది.

"ఏంటి ప్రాసర్ గారూ, ఇంటికి సున్నాలా?" అంది వినిఫ్రెడ్.

"పొట్టేళ్లకమ్మా. రొమ్ముకి రంగు పూసి వదిలాను. ఏది ఏ గొర్రె మీదికెక్కిందో తెలియాలి కదా." కప్పు అందుకుని రెండు చెంచాల చక్కెర వేసుకున్నాడు. "పొద్దున్నే అన్నిటినీ కింది చేలోకి తోలాను. నూట నలభై గొర్రెలు, మూడు పొట్టేళ్లు. వాటికి పెళ్లి, నాకు వెన్నునొప్పి."

ఇమొజెన్ చేతిలో పళ్లెం ఆగిపోయింది. "కింది చేను అంటే... కట్లర్ డొంక దిగువదా?"

"అదే."

"మరి డొంక చివర గేటు?"

"మూశాను."

"మొన్న సాయంత్రం బార్లా తెరిచుంది!"

ప్రాసర్ వింతగా చూశాడు. "మొన్న చేలో ఏమీ లేదమ్మాయ్. ఖాళీ చేనుకి గేటెందుకు మూస్తాను? ఇప్పుడు మంద ఉంది. గొలుసు కూడా చుట్టాను."

ఇమొజెన్ పళ్లెం బల్ల మీద పెట్టేసింది.

గురువారం సాయంత్రం చివరిసారి దారి చూడడానికి ఆవిడే ఆ డొంకలో దిగింది. వందల ఏళ్ల బండి చక్రాలు కోసేసిన లోతు దారి. రెండు పక్కలా మనిషెత్తు గట్లు, వేళ్లు బయటపడ్డ పెద్ద చెట్లు. అడుగున ఒక మలుపు, మలుపు దాటగానే గేటు. ఏటా ఆ డొంక తల దగ్గర 'దిగి నడవండి, కింద గేటు' అని హెచ్చరిక పెట్టేది. గురువారం గేటు తెరిచి ఉంది. తెరిచిన గేటును తెరిచినట్టే, మూసిన గేటును మూసినట్టే వదలాలన్నది ఈ ఊళ్లలో పిల్లలకు మాటలతోపాటే నేర్పే సంగతి. అలాగే వదిలేసింది. గాలి చెవుల్లో హోరుమంటుంటే ఆ గేట్లోంచి బాణంలా దూసుకుపోయింది. ఆ సరదా మిగతావాళ్లకెందుకు పాడుచెయ్యాలనుకుంది. ఇంటికెళ్లి హెచ్చరిక చెరిపేసింది. గీతతోపాటు పంపే కబురులో 'గేటు తెరిచే ఉంది, బ్రేకు పట్టకుండా దిగొచ్చు' అని రాసింది; ఆ కబుర్లు రూఫస్ ఎప్పుడూ చదవడు, తెర కూతనే నమ్ముకుంటాడు.

రూఫస్ వెళ్లి ఏడు నిమిషాలైంది. డొంక తల దాకా అడవిబాట నాలుగు కిలోమీటర్లు, అంతా ఎక్కుడే. అతనికి ఇరవై నిమిషాలు చాలు. ఫోన్ తీసింది. ఒకసారి, రెండుసార్లు. కొండ వెనక సిగ్నల్ ఎప్పుడుంది గనక!

"వినిఫ్రెడ్, ఎవరొచ్చినా ఇక్కడే ఆపు. ఒక్కరినీ కదలనివ్వకు. ప్రాసర్ గారూ, కింది చేలోకి ఎంతసేపు?"

ఆయన ఇమొజెన్ మొహం చూసి కప్పు కింద పెట్టాడు. "ఎక్కు," అన్నాడు.

పొలం గట్టున బండి ఎగిరెగిరి పడుతోంది. కుక్క ఇమొజెన్ ఒళ్లోకి జారింది. మొదటి గేటు రాగానే ఆవిడ దూకి తీసింది. బండి దాటింది. వెంటనే వెనకెక్కబోయింది. ప్రాసర్ ఇంజను ఆపేశాడు.

"మూసి రా."

"అవతల మా తమ్ముడు చచ్చిపోతాడండీ!"

"గొర్రెలు రోడ్డెక్కితే ఇంకా నలుగురు చస్తారు. మూసి రా. నువ్వు వాదించేలోపు అయిపోతుంది."

మొదటిసారికి గొళ్లెం పడలేదు. రెండోసారికి పడింది. రెండో గేటు దగ్గర మళ్లీ అదే తంతు. పదమూడు నిమిషాల్లో ఎనిమిది కరిగిపోయాయి.

చేలోకి రాగానే మంద మొత్తం తలలెత్తింది. బండి చప్పుడంటే వాటికి దాణా. నూట నలభై గొర్రెలూ అరుచుకుంటూ వెంటపడ్డాయి. డొంక గేటు దగ్గర బండి ఆగేసరికి అవి చుట్టూ కమ్ముకుని ఇనుప కమ్మీలకు ఒత్తుకున్నాయి.

ఇమొజెన్ గొలుసు మీద చెయ్యి వేసింది. ప్రాసర్ ఆ చెయ్యి పట్టుకున్నాడు.

"తీశావంటే ఇవన్నీ డొంకలోకి ఎగబాకుతాయి. నీ తమ్ముడు ఇనుముకి బదులు మందలో పడతాడు, అంతే తేడా."

నిజమే. తీసినా చావే, తీయకపోయినా చావే. ఆవిడ గేటెక్కి అవతలికి దూకింది. పాత నొప్పి ఉన్న మోకాలు కలుక్కుమంది. కుంటుతూనే పరుగెత్తింది. తడిసిన ఆకులు కాళ్ల కింద సబ్బులా జారుతున్నాయి. మలుపు ఎనభై అడుగుల దూరం. మలుపుకి ఇవతల ఉంటే తను అతనికి కనపడదు. కనపడేసరికి ఆగడానికి చోటుండదు.

ఇంకా పదడుగులే.

అప్పుడు వినపడింది. పైనెక్కడో, తొక్కడం మానేసిన సైకిల్ వెనక చక్రం చేసే చిటచిట. మిడతల గుంపులా, క్షణక్షణానికీ పెద్దదవుతోంది.

"రూఫీ!" అని అరిచింది. చిన్నప్పుడు తప్ప ఎన్నడూ పిలవని పేరు. డొంక గట్లు ఆ కేకను మింగేశాయి. నారింజరంగు కోటు ఊడబీక్కుని, చెట్ల వేళ్లు పట్టుకుని గట్టు మీదికి పాకింది. మలుపు మీదుగా చెయ్యి చాపి కోటు పిచ్చిగా ఊపింది. "ఆగు! రూఫీ, ఆగు!"

చిటచిట తెగిపోయింది. బ్రేకులు కీచుమన్నాయి. వెనక చక్రం అడ్డం తిరిగింది. రూఫస్ ఏం చూశాడో, ఏమనుకున్నాడో, సైకిల్ వదిలేసి కుడివైపు గట్టు మీద ఆకుల్లోకి పడ్డాడు. సైకిల్ మాత్రం ఆగలేదు. మలుపు తిరిగి, పల్టీలు కొడుతూ కిందికి పోయింది.

గేటు దద్దరిల్లిన చప్పుడు లోయంతా మోగింది. గొర్రెలు చెల్లాచెదురయ్యాయి.

ఇమొజెన్ గట్టు మీంచి జారి అతని పక్కన పడింది. "భుజం? భుజం ఎలా ఉంది?"

"కంగారుపెట్టకు. లెక్కపెట్టుకుంటున్నా." అతను వేళ్లు ఒక్కొక్కటే కదిపాడు. మోచెయ్యి వంచాడు. చెయ్యి మెల్లగా భుజం దాటి పైకెత్తాడు. మొహంలో రంగు లేదు, కానీ చెయ్యి లేచింది. "టీ పట్టుకుని ఇంతదూరం వెంటపడ్డావా? వద్దన్నానుగా!"

ఆవిడ నవ్వలేదు. అతను లేచి మలుపు దాకా వెళ్లి కిందికి చూశాడు. మలుపు అవతల, గేటు కమ్మీల మధ్య ఇరుక్కుని సైకిల్ ఉంది. ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కు రెండుగా విరిగింది. ప్రాసర్ టోపీ తీసి చేత్తో పట్టుకుని దానివైపే చూస్తున్నాడు. రూఫస్ నవ్వు ఆరిపోయింది.

"తెర కూయలేదక్కా. ఇక్కడ ఏటా కూస్తుందిగా. ఈసారి కూయలేదు గనక దారి ఖాళీగా ఉందనుకున్నా. బ్రేకు ముట్టుకోలేదు."

"నేనే తీసేశాను. మొన్న గేటు తెరిచి ఉంటే... ఎప్పుడూ అలాగే ఉంటుందనుకున్నాను."

అతను ఒంటికంటిన ఆకులు దులుపుకున్నాడు.

"లోర్నాకి నేను చెప్పను. నువ్వే చెప్పు," అన్నాడు చివరికి. గొంతులో కోపం లేదు. అదే ఇంకా కష్టంగా ఉంది.

"చెబుతాను. ఇవాళే."

మోకాలు పట్టుకుని లేచింది. గేటు దాకా దిగి వెనక్కెళ్లి ఇక అందరినీ పంపించమని వినిఫ్రెడ్‌కి చెప్పమంది ప్రాసర్‌ని. తను మాత్రం డొంక ఎక్కి తల దగ్గర నిలబడింది. అరగంటకి మొదటి గుంపు, నలుగురు, వచ్చింది.

"దిగండి. ఇక్కణ్ణుంచి నడక."

"మొన్న గేటు తెరిచే ఉందన్నారుగా ఇమొజెన్? బ్రేకు పట్టకుండా దిగొచ్చు అని మీరే రాశారు!" అన్నాడు ముందున్న కుర్రాడు, పెడల్ మీంచి కాలు తీయకుండా.

ఆవిడ అతని హ్యాండిల్ పట్టుకుంది. "రాశాను. తప్పు రాశాను. దిగు."

అతను దిగాడు. వెనక ఇంకా ఇరవై ఆరుగురు రావాలి. సన్నగా చినుకులు మొదలయ్యాయి. కోటు ఆ కింది గట్టు మీదే ఉండిపోయింది. ఇమొజెన్ దారికి అడ్డంగా కదలకుండా నిలబడింది.