నళినీబాలకి ముగింపు కావాలట

మా హాల్లో గోడకున్న నా ఫొటోకి దండ వేశారు. అప్పటి నుంచి నా కాళ్లు నలుపు తెలుపుల్లోకి మారుతున్నాయి. నేను సోఫాలో కూర్చుని కాఫీ తాగుతున్నాను.

నా జీవితం మీద డాక్యుమెంటరీ తీస్తున్న ప్రద్యుమ్న దానికేమీ ఆశ్చర్యపోడు. లైటు సరిచూసుకుంటాడు.

"ముగింపొక్కటే మిగిలింది నళినీబాలమ్మా. మీరు పోవాలి."

"ఎక్కడికి?"

"అదేనండీ... ప్రతి హిట్ సినిమాలోనూ చివర్న పోయారు కదా. జనం అలవాటు పడిపోయారు. బతికుంటే నమ్మరు."

నలుపు తెలుపు మోకాళ్లు దాటుతోంది. నడుము దాటితే లేవలేను. మెడ దాటితే ఈ ఇల్లు మ్యూజియం అవుతుంది. గేటుకి బోర్డు అప్పుడే కడుతున్నారు. నాకు ఒళ్లు మండిపోతోంది.

నేను చచ్చిపోయిన సినిమాల్లోని ఆడవాళ్లు గోడ మీది స్టిల్స్‌లోంచి దిగుతున్నారు. అందరివీ నా మొహాలే. నూతిలో దూకినామె చీర పిండుకుంటోంది. హీరోకి తగలాల్సిన తూటాకి ఎదురెళ్లినామె నా పక్కన కూలబడుతుంది.

"వీడెవడే, మళ్లీ చావమంటున్నాడు?"

"తీసేవాడికేం, చచ్చేది మనం" అంటాను.

"పోనీ, చచ్చాక నవ్విస్తాడటా?" అని ఆరా తీస్తుంది నూతిలో దూకినామె. సెట్లో అది ఆచారం. శవంగా పడుకున్న మనిషిని లేపి, కెమెరా ముందు నవ్వించి పంపుతారు, కీడు పోవాలని.

ప్రద్యుమ్న తల అడ్డంగా ఊపుతాడు. "అది సినిమాలకండీ. ఇది నిజం కదా, అక్కర్లేదు."

"అయితే ముందే నవ్వేస్తాను."

పొట్ట పట్టుకుని, పళ్లన్నీ కనపడేలా, ఏ దర్శకుడూ నన్ను నవ్వనివ్వనంత గట్టిగా నవ్వుతున్నాను. ఆడవాళ్లందరూ అందుకుంటారు. నా కాళ్లకి రంగొస్తోంది. నన్ను వదిలిన కీడు ఎదురుగా ఉన్నదాన్ని పట్టుకుంటుంది. కెమెరా ఒకసారి దగ్గి, ఆగిపోతుంది.

"పాపం, పోయింది" అంటాను. నిజంగానే కాస్త జాలేస్తుంది.

వెదురు తెచ్చి దానికి పాడె కడతాం. నేను నిప్పుకుండ అందుకుంటే ప్రద్యుమ్న గుమ్మానికి అడ్డంగా నిలబడతాడు.

"నిప్పుకుండ ఆడవాళ్లు పట్టకూడదమ్మా. ముందు నడవడానికి కొడుకుండాలి."

"ఇన్నేళ్లూ కెమెరా చూస్తున్న చోటల్లా నిలబడ్డాను. ఇవాళ అది నా వెనకాల వస్తుంది. తప్పుకో బాబూ."

తప్పుకుంటాడు. పాడె రోడ్డెక్కగానే హోర్డింగుల మీది హీరోలు కిందికి దిగి, ఒకరి తర్వాత ఒకరు భుజం పడుతున్నారు. నా చేతిలోని కుండలో నిప్పు పాలలా పొంగి, రోడ్డంతా పారుతోంది. చెప్పులు విప్పేసి అందులో నడుస్తున్నాను.