పసుపు టోపీవాడు

పిల్ల బతికే ఉంది. తల్లి లేదు.

తెల్లవారగానే డేగ వచ్చి పోయింది. చిన్న మంగళారంలో తన డాబా మీద యోసేపుకి దొరికినవి కాసిని రాగిరంగు ఈకలే. తండ్రి పావురం బెదిరి ఎగిరిపోయింది, మళ్లీ ఇటు రాలేదు. గూట్లో మిగిలిన పిల్ల ఇంకా కళ్లు తెరవలేదు. ఒంటి మీద నూగు తప్ప ఈక లేదు. చప్పుడు వినబడితే చాలు, నోరు తెరిచి తల పైకెత్తుతోంది.

బస్సు స్టీరింగు వదిలి రిటైరయ్యాక యోసేపుకి పట్టుకున్న పిచ్చి ఈ పావురాలు. అందులోనూ ఆ రాగి పావురమంటే ప్రాణం. పొద్దున ఎగరేస్తే పొద్దుగూకేదాకా దిగేది కాదు. పెట్టిన గుడ్లన్నీ మురిగిపోగా, దానికి నిలిచిన బిడ్డ ఇదొక్కటే.

పుట్టిన వారంలో పావురం పిల్లకి గింజలు పడవు. తల్లీ తండ్రీ గొంతులో ఊరే పాలముద్దే దాని తిండి. పోయినేడు ఇలాంటి పిల్లకే యోసేపు గేదెపాలు పట్టాడు. సాయంత్రానికది అతని అరచేతిలోనే చల్లబడిపోయింది. ఈసారి ఆ తప్పు చేయదలచుకోలేదు. దారి ఒక్కటే. చిన్న పిల్లల్ని సాకుతున్న మరో జంట కింద దీన్ని పెట్టాలి. తన గూళ్లలోని పిల్లలన్నీ ఎదిగి గింజలు మింగుతున్నాయి. బయట ఎవరి దగ్గరైనా దొరకాలి, అదీ మధ్యాహ్నంలోపు.

అలాంటి అవసరానికి ఒక చోటుంది. చేవెళ్లలో జిరాక్సు కొట్టు నడిపే రత్నాకర్ పావురాలు పెంచేవాళ్ల కోసం సరదాకి పెట్టిన వెబ్‌సైటు, ‘మన కబూతర్’. అందులో ‘తల్లి కావాలె’ అని ఒక పేజీ. పిల్ల అనాథయితే అక్కడ రాస్తారు. పిల్ల చచ్చిపోయి జంట ఒంటరిగా మిగిలినా అక్కడే రాస్తారు. ఇలా ఎన్ని ప్రాణాలు నిలిచాయో లెక్కలేదు.

యోసేపు ఫోన్‌లో ఆ పేజీ తెరిచాడు.

తెరిచీ తెరవగానే పసుపు టోపీవాడు దూకాడు.

వాడొక బొమ్మ. నెత్తిన మేస్త్రీల పసుపు టోపీ, చేతిలో ఇంటి తాళంచెవి. తెర అడుగునుంచి లేచి, నడుం తిప్పి, అక్షరాల మీదికెక్కి గంతులేస్తాడు. ‘శంకర్‌పల్లి దగ్గర ప్లాట్లు! త్వరపడండి!’ అని మెరుపులు మెరిపిస్తాడు. మూలన ఉన్న చిన్న ఇంటూ గుర్తు నొక్కబోతే అది పక్కకు జరుగుతుంది. దాని చోటికి టోపీవాడి ముక్కు వస్తుంది. ముక్కు నొక్కితే తిన్నగా ప్లాట్ల కంపెనీకి ఫోన్ కలుస్తుంది.

వాడు వచ్చి నెల అయింది. ఆ నెలలో జనం పావురాల గురించి రాసిందానికన్నా వాడిని తిట్టిందే ఎక్కువ. “వీనికి కాళ్లు నొస్తలెవ్వా?” అని అఖిల అనే అమ్మాయి రాసింది. శంకర్‌పల్లి పాండు ఫోన్ మీద నల్లటేపు అతికించుకున్నాడు. మరొకాయన పావురాలనే మానేస్తానని బెదిరించాడు. రత్నాకర్ మాత్రం ఉలకలేదు, పలకలేదు.

యోసేపు టైపు చేశాడు. ‘పిల్లకు తల్లి కావాలె. జల్ది. చిన్న మంగళారం.’ పంపబోయాడు. మీట మీద టోపీవాడు కూర్చున్నాడు. పక్కనుంచి నొక్కాడు. ముక్కు తగిలింది.

“నమస్తే సార్, నేను సమతను మాట్లాడుతున్నాను. ప్లాటు మీ కోసమేనా, పిల్లల కోసమా సార్?”

“పిల్ల కోసమేనమ్మా, గని ప్లాటొద్దు. ఫోన్ పెట్టేయ్!”

మళ్లీ మొదటినుంచి టైపు చేయాలి. చేశాడు. మళ్లీ ముక్కు.

“సార్, ఆదివారం సైట్ చూపిస్తాం. కారు పంపిస్తాం, భోజనం కూడా...”

యోసేపు ఫోన్‌ని గోడకేసి కొట్టబోయాడు. మెట్ల మీద నిలబడ్డ భార్య కరుణమ్మ అడ్డుపడింది.

“ఫోనేం జేసిందయ్యా? గా రత్నాకర్‌కే ఫోన్ జెయ్యరాదు!”

“ఎప్పటిసంది జేస్తున్ననే. ఎత్తడు!”

“ఎత్తకుంటే పో. మనిషి ముందటికి పోయి నిలవడు. గాడ బొమ్మ దుంకదుగా!”

ఆ మాట నిజమే. యోసేపు తన పాత ఉన్ని టోపీలో దూది పరిచి, పిల్లను అందులో పెట్టి, టోపీని చొక్కాలోకి దోపుకున్నాడు. స్కూటర్ చేవెళ్ల దారి పట్టింది. దారిపొడవునా రెండు రకాల కదలిక. పొట్ట మీద పిల్ల వణుకు, జేబులో సమత తిరిగి చేస్తున్న ఫోన్ల అదురు. రెండోది ఆగడం లేదు. మొదటిది ఆగిపోతుందేమోనని అతని భయం.

జిరాక్సు కొట్టులో రత్నాకర్ ఎవరివో ఆధార్ కాపీలు తీస్తున్నాడు.

“ఏం తమ్మీ, ఫోన్ ఎత్తవేంది?”

“కొత్త నంబర్లు ఎత్తనన్నా. అన్నీ గా ప్లాట్లోళ్లే. దిమాక్ ఖరాబ్ చేస్తున్నరు.”

యోసేపు నిలువునా మండిపోయాడు. “గా ప్లాట్లోళ్లను మా నెత్తికెక్కించింది ఎవలురా?”

“యాడ్ గురించా? ఏదో మూలకు చిన్నగుంటది కదన్నా. గది లేకుంటే సైట్ నడిపేదెట్ల? మీరంతా ఊకె ఒర్లుతున్నరు గని, నాకైతే ఏ పరేషానీ లేదు. ఇగో సూడు.”

కంప్యూటర్ తెర తిప్పి చూపించాడు. పేజీ కడిగిన కంచంలా ఉంది. టోపీ లేదు, తాళంచెవి లేదు. తెర పైమూలన ‘యజమాని’ అన్న మాట యోసేపుకి కనబడింది. తర్వాత మెల్లగా అర్థమైంది. రత్నాకర్ సైటు యజమాని. అతను ఎప్పుడూ యజమాని పేరుతోనే లోపలికి వెళ్తాడు. యజమానికి యాడ్లు కనబడవు. నెల రోజులుగా అందరూ అరుస్తుంటే, అతను ఈ కడిగిన కంచం చూసుకుని నవ్వుకుంటున్నాడు.

“వండుడే గని నీ వంట నువ్వు తినవన్నట్టు. ఇగో, నా ఫోన్ల సూడు. ‘తల్లి కావాలె’ల మీది ముచ్చట సదువు.”

రత్నాకర్ ఫోన్ అందుకున్నాడు. టోపీవాడు దూకాడు. రత్నాకర్ ఇంటూ నొక్కాడు. అది జరిగింది. మళ్లీ నొక్కాడు.

“నమస్తే సార్, సమతను. ప్లాటు విషయం ఏమనుకున్నారు సార్?”

జిరాక్సు కోసం నిలబడ్డవాళ్లు పకపకా నవ్వారు. రత్నాకర్ చెవులు ఎర్రబడ్డాయి.

“నవ్వులు తర్వాత,” అన్నాడు యోసేపు, చొక్కాలోంచి టోపీ తీసి బల్ల మీద పెడుతూ. పిల్ల ఇందాకటిలా నోరు తెరవడం లేదు. “నీ తాన కనవడ్తది కదా. జల్ది సదువు.”

రత్నాకర్ కంప్యూటర్ ముందుకు వంగాడు. పేజీ కిందికి జరిపాడు.

“అన్నా...”

“ఏంది?”

“నిన్న సాయంత్రం రాసిన్రు. ‘మా జంట పిల్ల చచ్చిపోయింది. రెండూ ఖాళీ గూడు ఇడుస్తలెవ్వు. పిల్ల ఉన్నోళ్లు తెచ్చి పెట్టుకోండి. నీలవేణి, ఎంకపల్లి.’ ఒక్కలు గూడ జవాబియ్యలే.”

ఎంకపల్లి! తన మండలంలోనే. ఆ నాలుగు మాటలు నిన్నటినుంచి టోపీవాడి చెప్పుల కిందే పడి ఉన్నాయి. పొద్దున అవి కనబడి ఉంటే పిల్ల ఈపాటికి కడుపునిండా తిని పడుకునేది.

యోసేపు తిట్టలేదు. తిట్టేంత తీరిక లేదు.

“కొట్టు మూసెయ్. బండి నువ్వు నడుపు. పిల్లను నేను వట్టుకుంట.”

రత్నాకర్ షట్టర్ కిందికి లాగాడు.

ఎంకపల్లిలో నీలవేణి ఇంటి ముందు స్కూటర్ ఆగేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. ఆమె చెంబుతో చేయి కడుక్కుంటూ బయటికొచ్చింది. విషయం సగం వినగానే కసిరింది.

“ఇప్పుడొస్తరా అన్నా? నిన్నటిసంది సూస్తున్న. పాపం, గవి ఖాళీ గూట్లె గడ్డి సదురుకుంట కూసున్నయి!”

“కనవడలేదమ్మా. బొమ్మ అడ్డమొచ్చింది.”

“గా దరిద్రపు టోపోడేనా? వానికి పుట్టగతులుండవ్!”

పక్కనే నిలబడ్డ రత్నాకర్ తల దించుకున్నాడు. ఇతనే సైటు యజమాని అని యోసేపు చెప్పలేదు. చెబితే ఆమె చేతిలోని చెంబు ఎటు పోతుందో అతనికి తెలుసు.

నీలవేణి పిల్లను మెల్లగా గూట్లో పెట్టింది. తెల్ల పావురం వెనక్కి జరిగింది. తల వంచి ఒక కన్నుతో చూసింది. ముక్కుతో ఒకసారి పొడిచింది. పిల్ల కదల్లేదు.

పావురం మళ్లీ పొడిచింది, ఈసారి మెత్తగా. పిల్ల తల ఎత్తింది. నోరు తెరిచింది. తెల్ల పావురం ఆ నోటిని తన నోట్లోకి తీసుకుని గొంతు ఊపసాగింది.

“అందుకున్నది,” అంది నీలవేణి.

యోసేపు గోడకు ఆనుకుని కూలబడ్డాడు. జేబులో ఫోన్ మోగింది. తీయలేదు.

“అన్నా, యాడ్ ఇప్పుడే తీసేస్త. నీ ముందటనే,” అన్నాడు రత్నాకర్ గొంతు తగ్గించి. తన ఫోన్ తీసి సైటు తెరిచాడు. ఆ ఫోన్‌లో ఎప్పుడూ తెరిచింది లేదు. యజమానిగా లోపలికెళ్లే మీట నొక్కాలి. నొక్కబోయాడు.

మీట మీద టోపీవాడు కూర్చుని, తాళంచెవి ఊపుతున్నాడు.

రత్నాకర్ పక్కనుంచి నొక్కాడు.

“నమస్తే సార్, నేను సమతను...”

నీలవేణి చూపు అతని ఫోన్ మీదినుంచి ముఖం మీదికి పాకింది. “ఎవలన్నా ఈయన?”

“ఎవలు లేరమ్మా, బండి నడుపనీకి వచ్చిండు,” అని యోసేపు లేచి రత్నాకర్ భుజం పట్టుకుని స్కూటర్ వైపు నెట్టాడు. “నడువ్. నీ కొట్టుకు పోయి, నీ కంప్యూటర్‌లనే తీద్దువు. వాన్ని తీసేదాంక నేను ఆడికెల్లి కదల.”