ఒడ్డు కనబడ్డాకే వేసుకునే చొక్కాలు

మా తమ్ముడు కూకూకి ఈత రాదు. ఈ సంగతి అమ్మకి తెలుసు, నాకు తెలుసు. అమ్మ పోయింది. వాడి పెళ్ళానికి కూడా తెలియదు.

ఈత రానివాడు సరంగు ఎలా అయ్యాడని అడిగితే నేను చెప్పలేను. వాడినే అడిగాను ఒకసారి. సరంగు ఉండాల్సింది నీళ్ళ మీద గాని నీళ్ళలో కాదు అన్నాడు. చిన్నప్పుడు ఉప్పుటేట్లో మునిగిపోతుంటే జుట్టు పట్టి లాగాను. ఒడ్డుకి రాగానే, ఎవరికీ చెప్పనని నా చేత ఒట్టు వేయించుకున్నాడు. నాకు మామూలుగానే మాటలు తక్కువ. ఆ ఒట్టు నిలబెట్టుకోవడం కష్టం కాలేదు.

వాడి పడవ మా రేవులోకెల్లా పెద్దది. పక్కన ఎర్ర రంగుతో "పులికి పిల్లి భయమా" అని రాయించాడు. పైన జెండాలు, ముందు కొయ్యకి చెక్కిన చేప. వెనక తెడ్డు పట్టుకుని నిలబడితే వాడే ఆ పులి అనుకుంటారు అందరూ.

మా రేవుకి రక్షణ దళం ఒకటుంది. జీతాలు లేవు. ఒక చిన్న ఇంజను పడవ, విసరడానికి పొడుగు తాళ్ళు, ఒక చేతి మైకు, అంతే. దళానికి పెద్ద అరాబా. రేవులో చేపలు కొనే ఆడవాళ్ళందరికీ కూడా ఆమే పెద్ద. కూకూ పెళ్ళానికి చెల్లెలు, అందుకని వాడితో ఎప్పుడూ కయ్యమే. తాళ్ళు విసిరేది సైకిళ్ళు బాగుచేసే జోజో. ఒడ్డున గొడుగు కింద కూర్చుని దుర్భిణీలోంచి సముద్రం చూడడం నా పని. మాట్లాడక్కర్లేదన్నారు కాబట్టి ఒప్పుకున్నాను.

ఆ ఏడు పట్నంలో ఏదో సంఘం వాళ్ళు రేవులో పడవలన్నిటికీ లైఫ్ జాకెట్లు పంపారు. నారింజ రంగు చొక్కాలు, ముందు బిగించడానికి బకిల్సు. అరాబా ఇంటింటికీ తిరిగి పంచింది. మావాళ్ళు సంతోషంగా తీసుకున్నారు. ఒకడు తల కింద దిండుగా పెట్టుకున్నాడు. ఒకడు ఇంజను అదరకుండా దాని కింద దూర్చాడు. ఒకడి ఇంట్లో మేక ఈనితే పిల్లల్ని దాని మీదే పడుకోబెట్టారు. కూకూ తనదాన్ని పీట చేసుకున్నాడు. వేసుకున్నవాడు ఒక్కడూ లేడు. వేసుకుని ఎక్కితే మునిగిపోతామని ముందే సముద్రానికి చెప్పినట్టేనట.

ఎవరు వేసుకోకపోయినా నాకు ఏమీ కాదు. కూకూ వేసుకోవాలి. ఆగస్టు వస్తోంది. కవ్వ చేపలు వచ్చే నెల, కెరటాలు లేచే నెల. ఒకరోజు వాడి ఇంటికి వెళ్ళి, వాడు కెంకే, అదే పులిసిన మొక్కజొన్న ముద్ద, తింటుంటే పక్కన కూర్చున్నాను. నేను ఎందుకు వచ్చానో వాడికి తెలుసు.

"నేను వేసుకుంటే ఎవడో ఒకడు అడుగుతాడు అన్నయ్యా, ఈతొచ్చిన సరంగువి నీకెందుకయ్యా అని. ఏం చెప్పమంటావ్?" అన్నాడు మెల్లగా.

వాడు పెట్టిన చేప తిని వచ్చేశాను.

అరాబా నాలాంటిది కాదు. ఆడవాళ్ళని కూడేసి మాట్లాడింది. ఇకమీదట నారింజ చొక్కాలు లేకుండా ఒడ్డుకి వచ్చిన పడవలో చేప మీద ఏ ఆడమనిషీ చెయ్యి వేయకూడదని కట్టుబాటు చేసింది. మగవాళ్ళు నవ్వుకున్నారు. కూకూ మరీ నవ్వాడు.

మర్నాడు వాడి పడవే ముందు వచ్చింది, అంచుల దాకా కవ్వలతో. ఆడవాళ్ళు తట్టలు బోర్లించి, వాటి మీద కూర్చుని, సముద్రానికి వీపు పెట్టి పాటలు పాడుకుంటున్నారు. ఎండ ముదిరింది. చేప మెత్తబడడం మొదలైంది. కూకూ అరిచాడు, బతిమాలాడు, మళ్ళీ అరిచాడు.

"మరదలా, ఈ చేపంతా నేనేం చేసుకోను?"

"దిండు చేసుకో బావా. మీకు అలవాటేగా."

ఆ పూట చేప కుళ్ళి కాకుల పాలయింది. మర్నాటి నుంచి ప్రతి పడవా నారింజ రంగులో వచ్చింది. ఆడవాళ్ళు తట్టలెత్తుకుని ఎదురెళ్ళారు. అరాబా నడక మారిపోయింది. గెలిచిన కోడిపుంజులా తిరిగింది.

దుర్భిణీలో నాకు కనబడింది మాత్రం వేరు. పడవలు వెళ్ళేటప్పుడు ఒంటి మీద చొక్కా ఉన్నవాడు లేడు. చేపలు పట్టేటప్పుడూ లేదు. తిరిగొస్తూ, ఒడ్డున తాటాకు ఇళ్ళు కనబడే దూరానికి వచ్చాక, ఒక్కసారిగా అందరూ కిందికి వంగి చొక్కాల కోసం వెతుక్కునేవారు. బడి గంట విని పరిగెడుతూ గుండీలు పెట్టుకునే పిల్లల్లా ఉండేవారు. ఒడ్డుకి చేరేసరికి బుద్ధిమంతులు.

అరాబా నా గొడుగు కిందికి వచ్చి ఏం కనబడుతోందని అడిగింది. నారింజ రంగు కనబడుతోందన్నాను. అబద్ధం కాదు. చెప్పకపోవడానికి కారణముంది. మా దగ్గర పడవ బోల్తా పడేది నడిసముద్రంలో కాదు, ఒడ్డు దగ్గర కెరటాలు విరిగే చోట. దొంగతనంగా వేసుకున్నా సరిగ్గా అక్కడికి వేసుకుంటున్నారు. చెప్పి చెడగొట్టడం ఎందుకనుకున్నాను.

ఒక్క కూకూ మాత్రం బకిల్సు పెట్టుకునేవాడు కాదు. మెడకి తువ్వాలులా తగిలించుకునేవాడు. ఆడవాళ్ళకి రంగు కనబడితే చాలుగా. ఆ వేలాడే పట్టీలు కనబడినప్పుడల్లా దుర్భిణీ వాడి మీదే ఉంచేవాణ్ని.

ఆగస్టు నడిమిలో ఒక పొద్దున సముద్రం పొంగింది. చిన్న పడవలు తొందరగా వచ్చేశాయి. కూకూ పడవ బరువుతో నెమ్మదిగా వస్తోంది. ఎంత కాదన్నా సరంగుగా వాడు గట్టివాడు. కెరటాల వరస ముందు పడవని ఆపి, ఏ కెరటం వెనక దూరాలా అని చూస్తున్నాడు. దుర్భిణీ పెట్టాను. అందరికీ చొక్కాలు ఉన్నాయి. కూకూ మెడలో పట్టీలు గాలికి కొట్టుకుంటున్నాయి. వెనక లేస్తున్న కెరటం వాడికి కనబడలేదు. నాకు కనబడింది.

లేచాను. అరాబా చేతిలోంచి మైకు లాక్కున్నాను. నేను పరిగెత్తడం చూసి జనం ఆశ్చర్యపోయారట. నాకు తెలియదు.

"ఒరే కూకూ, నీకు ఈత రాదురా. బిగించుకో."

మైకులో నా గొంతు నాకే కొత్తగా వినబడింది. రేవు రేవంతా చేసే పని ఆపేసి నిలబడింది. పడవలో తలలన్నీ సరంగు వైపు తిరిగాయి. కూకూ నా వైపు చూశాడు. అంత దూరం నుంచి కూడా ఆ చూపు తగిలింది. ఇక దాచడానికి ఏమీ మిగల్లేదు. తెడ్డు పక్కవాడికిచ్చి రెండు చేతులా బకిల్సు బిగించాడు.

చివరిది పడిందో లేదో, కెరటం పడవని ఎత్తి పక్కకి తిప్పేసింది. పులి బోర్లా పడింది.

జోజో వాళ్ళు చిన్న పడవ నెట్టారు. తాళ్ళు విసిరారు. నురుగులో ఒక్కొక్కటే నారింజ ముద్దలు పైకి లేచాయి. అరాబా గట్టిగా లెక్కపెడుతోంది. నేను ఒక్కణ్నే వెతుకుతున్నాను. కూకూ వెల్లకిలా, చేతులు బార్లా చాపి, కాళ్ళు కూడా ఆడించకుండా తేలుతున్నాడు. సముద్రాన్ని, నన్ను, అరాబాని, చొక్కా పంపిన పట్నంవాళ్ళని తిడుతూనే ఉన్నాడు. తిడుతున్నాడంటే ఊపిరి ఉన్నట్టే. మైకు తిరిగి అరాబా చేతిలో పెట్టేశాను.

అందరూ బయటపడ్డారు. కవ్వలే సగం తిరిగి సముద్రంలోకి వెళ్ళిపోయాయి.

కూకూ ఉప్పునీళ్ళు కక్కి, కూర్చుని, ఇసక వైపు చూస్తున్నాడు. వాడు తల ఎత్తడేమోనని భయమేసింది నాకు. నీళ్ళ కంటే అది ఎక్కువ భయం.

అప్పుడు, తెడ్డు అందుకున్నవాడు గొంతు సవరించుకున్నాడు. "సరంగూ, నాకూ రాదు."

కూకూ తల ఎత్తాడు. "మరి వల ఇంజనుకి చుట్టుకుంటే దిగి విప్పేవాడివి?"

"పడవ అంచు ఎప్పుడైనా వదిలానా?"

ఇంకొకడు తనకీ రాదన్నాడు. ఆ వెనక మరొకడు. అరాబా నడుం మీద చేతులు పెట్టుకుని, ఈత రానివాళ్ళందరినీ చేతులెత్తమంది. వచ్చినవాళ్ళని ఎత్తమంటే తొందరగా తేలిపోయేది.

"ఓరి నాయనో. ఇన్నాళ్ళూ మీరు చేపల్ని పట్టారా, చేపలే జాలిపడి మిమ్మల్ని వదిలేశాయా?"

ముందు నవ్వింది కూకూయే. తరవాత ఎవరు ఆపినా ఆగలేదు.

కూకూ నాతో మాత్రం కొన్నాళ్ళు మాట్లాడలేదు. మేమిద్దరం మాట్లాడుకోకపోవడం కొత్త కాదు కాబట్టి ఎవరూ గమనించలేదు. అయితే పడవ నెట్టే ముందే, ఒడ్డు మీద, అందరూ చూస్తుండగా, కడుపు నొక్కుకుపోయేలా బకిల్సు బిగించేవాడు. బిగించనివాణ్ని ఎక్కనిచ్చేవాడు కాదు.

మంగళవారం మా సముద్రానికి విశ్రాంతి. వల ఎవరూ వేయరు. ఆ రోజు మగవాళ్ళందరినీ అరాబా ఉప్పుటేటికి తోలుకొచ్చింది. ఆడవాళ్ళు కెంకే, వేయించిన చేపలు తెచ్చుకుని తమాషా చూడ్డానికి గట్టున కూర్చున్నారు. కూకూ మోకాలి లోతులో నిలబడి, ఎవరు నేర్పుతారని అడిగాడు. అందరూ నా వైపు చూశారు.

"అన్నయ్యా? ఈయన నోరు తెరిచి చెప్పేదెప్పుడు, నేను నేర్చుకునేదెప్పుడు?"

గట్టున ఆడవాళ్ళు పకపకా నవ్వారు. నేను నీళ్ళలోకి దిగి, ముక్కు మూసుకుని తల ముంచడం ఎలాగో చేసి చూపించాను.