ఒక రోజు ఆలస్యంగా మాట్లాడే గోడ

పొద్దున్నే ఎనిమిదింటికి ఆపరేటర్ క్యారియర్‌ని సీటు వెనక పెట్టుకుని, అద్దం తుడిచి, పొక్లెయిన్‌తో గుంతలోకి దిగుతాడు. ఇరవై రెండేళ్లు ఇక్కడ కంకర తవ్వాడు. ఇప్పుడు అదే గుంతని పిట్టలకి ఇల్లుగా సర్దుతున్నాడు. కంకర అయిపోయింది కాబట్టి కంపెనీ దీని కథ ముగిసిందనుకుంది. అడుగున ఊరిన నీళ్లు చూసిన పిట్టలు అప్పుడే మొదలైందనుకున్నాయి.

పని చెప్పడానికి వచ్చినావిడని అందరూ పిట్టల మేడం అంటారు. ఆపరేటర్‌కి మొదటిరోజే ఆవిడ చేతిలో అక్షింతలు పడ్డాయి. నీళ్ల ఒడ్డుని అద్దంలా చదును చేసి, మెచ్చుకుంటుందని ఎదురుచూశాడు మరి.

"ఇదేంటండీ? పిట్టలు స్కేటింగ్ చేస్తాయా? గతుకులు కావాలి, గుట్టలు కావాలి. చెయ్యి తిరగనివాడు చేసినట్టు చెయ్యండి."

"చెయ్యి తిరగడానికి ఇరవై రెండేళ్లు పట్టింది మేడం" అన్నాడు దిగాలుగా.

గుంత గోడలు మూడింటిని వాలుగా చెక్కెయ్యాలి. బొరియల్లో గూడు పెట్టే పిట్టల కోసం తూర్పు గోడ ఒక్కటీ నిటారుగా ఉండాలి. మాటని ఒక రోజు ఆలస్యంగా తిరిగి చెప్పేది ఆ గోడే. ఇవాళ పదకొండింటికి అన్నది రేపు పదకొండింటికి వినిపిస్తుంది, అన్నవాళ్ల గొంతుతోనే. అందుకే మేనేజర్ని తిట్టాలంటే పనివాళ్లు రోడ్డు దాకా ఎక్కి, తృప్తిగా తిట్టి, మళ్లీ దిగేవాళ్లు.

శనివారంతో ఇక్కడి పని సరి. ఆ తర్వాత పొక్లెయినూ ఆపరేటరూ ఎక్కడో దూరాన కొత్త క్వారీకి పోవాలి. శుక్రవారం ఆ బదిలీ కాగితం మీద సంతకం పెట్టాలి.

"ఇక్కడ చూసుకోడానికి ఒక మనిషి కావాలి. నీటిమట్టం చూడాలి, ఏటా గోడని కొత్తగా గీకాలి. మీరు ఉంటారా?" అని మేడం అడిగింది.

ఫోర్‌మన్ పగలబడి నవ్వాడు. అతను ఆపరేటర్‌కి బావమరిది. "మా బావా? కొండల్ని పిండి చేసిన మనిషండీ! పిట్టలకి ఆయాగా ఉంటాడా?"

"అబ్బే, మిషన్ మోత లేందే నాకు తోచదు" అన్నాడు ఆపరేటర్ కూడా, గబగబా.

గురువారం పదకొండింటికి బకెట్ ముందు, రాళ్ల మధ్య, గుడ్ల మీద కూర్చున్న పిట్ట కనబడింది. ఆపరేటర్ చుట్టూ చూశాడు. ఇంజన్ హోరెత్తుతోంది. ఇంత మోతలో నా మాట నాకే వినబడదు, గోడకేం వినబడుతుందిలే అనుకుని, కిటికీలోంచి తల బయట పెట్టాడు.

శుక్రవారం బావమరిది కాగితం తెచ్చి పొక్లెయిన్ చక్రాల పట్టా మీద పరిచాడు. పాత చోటుని చివరిసారి చూద్దామని ఆపరేటర్ భార్య కూడా వచ్చింది. అతను పెన్ను మూత తీశాడు. పదకొండయింది.

ఇరవై రెండేళ్లు ఇంజన్ మోత భరించిన గోడ ఆ మోతని పక్కన పడేసి, మాటల్ని మాత్రం శుభ్రంగా వినిపించింది.

"కూర్చో తల్లీ, లేవకు. నేనే చుట్టూ తిరిగి పోతాలే. నాకైతే ఇక్కణ్నించి పోవాలని లేదు. నీ పిల్లలు నీళ్లలోకి దిగడం చూడాలనుంది. ఎవరితో చెప్పుకోను? మా బావమరిది నవ్వుతాడు."

బావమరిది అప్పటికే నవ్వడానికి నోరు తెరిచాడు. మూసేశాడు.

"నన్నెప్పుడైనా ఇంత మెత్తగా కూర్చోమన్నారా?" అంది భార్య.

"నువ్వెప్పుడు కూర్చున్నావు గనక?"

"బావా, పెన్ను ఇటివ్వు" అన్నాడు బావమరిది. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో కుక్కుకున్నాడు.

పక్కనే నిలబడి పిట్టల్ని చూస్తున్న మేడం బైనాక్యులర్స్ కళ్ల మీంచి తియ్యకుండానే, "సోమవారం నుంచి రండి. నీళ్లలో దిగే బూట్లకి సైజెంతో చెప్పి వెళ్లండి" అంది.

ఈలోగా భార్య తూర్పు గోడ దగ్గరికి నడిచింది. అరచేతులు నోటికి అడ్డం పెట్టుకుని ఏదో చెప్పింది. చాలాసేపే చెప్పింది.

"ఏం చెప్పావే?"

"రేపు ఈ టైముకి వచ్చి వినండి" అని ఆవిడ చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని గట్టెక్కింది.

శనివారం పదకొండుకి ఇంకా పావుగంట ఉందనగానే ఆపరేటర్ ఇంజన్ కట్టేశాడు. పక్క అద్దం కిందికి వంచుకుని, తల దువ్వుకున్నాడు.